మధ్యతరహా విలాస వాహనాలు : బార్కస్ కొనుగోలుదారునికి ఒక తులనాత్మక పరిశీలన

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు మన పెద్దలు. ఈనాడు ఆ సామెతకు మూడవ మాట చేర్చవలసి వస్తే ‘బండి కొని చూడు’ అని నిస్సంకోచంగా చేర్చవచ్చును. ఇల్లు కట్టేవాడు మేస్త్రీని పది ప్రశ్నలు అడుగుతాడు. పెళ్ళి చేసేవాడు పది ఇండ్లు విచారిస్తాడు. డెబ్బది లక్షల రూపాయల బండి కొనేవాడు మాత్రం తరచుగా దాని ముందరి గుర్తును, తెర మీది బొమ్మలను చూచి బయానా ఇచ్చివేస్తాడు. అట్టి తొందరపాటును కొంతవరకైనా నివారించగలమనే ఆశతో, ‘క్రాసోవర్’ అని పిలువబడే మధ్యతరహా విలాస వాహనాలను ఈ వ్యాసంలో కొనబోయేవాని దృష్టితో పరిశీలించదలచినాము.

ఈ విషయం మా బార్కస్‌కు దూరమైనదేమీ కాదు. నిజాం ప్రభువుల కాలంలో అరబ్బు సైనికుల నివాసానికి ఏర్పడిన బారక్సుల పేరే జనవ్యవహారంలో బార్కస్ అయినది. హద్రమౌత్ నుండి వచ్చిన ఆ సైనికుల సంతతివారు, వారితోపాటు స్థిరపడిన ఇతరులు అనంతర కాలంలో జీవనోపాధికై గల్ఫ్ దేశాలకు పోయినారు. అక్కడ ఇతరుల విలాస వాహనాలను ఏండ్ల తరబడి నడిపినవారు, తుడిచినవారు, మరమ్మతు చేసినవారు మా వీధులలో కలరు. అటువంటివాడు తన కష్టార్జితంతో అదే తరగతి బండిని తన వాకిట నిలుపుకోవాలని కోరుకొంటే దానిని ఆడంబరమని కొట్టివేయడం న్యాయం కాదు. అయితే ఇరువది ఏండ్ల ప్రవాసంలో కూడబెట్టిన సొమ్ము ఒక్క సంతకంతో చేయి దాటబోతున్నప్పుడు, ఆ సంతకానికి ముందు అడుగవలసిన ప్రశ్నలేవో అతనికి తెలిసియుండాలి.

క్రాసోవర్ అనగా నేమి?

పాతకాలపు జీపును తలచుకొందాం. దాని అడుగున నిచ్చెన ఆకారంలో బలమైన ఉక్కు చట్రం ఉంటుంది. పై తొట్టిని ఆ చట్రానికి బిగిస్తారు. రాళ్ళలో, గుంటలలో ఈ నిర్మాణం గట్టిగా నిలుస్తుంది గాని కూర్చున్నవాని నడుము మాత్రం నిలువదు. ఇక 2014 వరకు మన దేశంలో తయారైన అంబాసిడర్‌ను తలచుకొందాం. దానికి విడిగా చట్రం లేదు. బండి దేహమే చట్రంగా పని చేస్తుంది. అందువలన బరువు తగ్గుతుంది, కుదుపు తగ్గుతుంది, మలుపులో ఒరుగుడు తగ్గుతుంది. జీపు ఎత్తును, రూపాన్ని తీసుకొని, కారు దేహనిర్మాణం మీద నిలబెట్టినదే క్రాసోవర్.

జపానులో టొయోటా సంస్థ 1994లో విడుదల చేసిన ‘రావ్-4’ ఈ జాతికి తొలి విజయాలలో ఒకటి. అదే సంస్థ విలాస విభాగమైన లెక్సస్ 1998లో ‘ఆర్.ఎక్స్.’ను అమెరికా విపణికి పంపి, ఈ నిర్మాణాన్ని ధనికుల వాకిటికి చేర్చినది. బి.ఎం.డబ్ల్యు. సంస్థ 2003లో ‘ఎక్స్-3’ను, ఆడి ‘క్యూ-5’ను, వోల్వో ‘ఎక్స్.సి.-60’ను 2008లో ప్రవేశపెట్టినాయి. లెక్సస్ ‘ఎన్.ఎక్స్.’ 2014లో, మెర్సిడెస్-బెంజ్ ‘జి.ఎల్.సి.’ 2015లో వచ్చినాయి. ఈ అయిదింటినే మన పరిశీలనకు స్వీకరిద్దాం.

వీటిలో నాలుగు మన దేశంలోనే కూర్పు పొందుతున్నవి. బెంజ్ పుణె సమీపాన చాకణ్‌లోను, బి.ఎం.డబ్ల్యు. చెన్నై సమీపానను, వోల్వో బెంగుళూరు సమీపాన హోస్కోటెలోను తయారవుతాయి. ఆడి కర్మాగారం ఒకప్పుడు హైదరాబాదు సంస్థానంలోనిదైన ఔరంగాబాదులో, అనగా నేటి ఛత్రపతి శంభాజీనగర్‌లో ఉన్నది. లెక్సస్ ఎన్.ఎక్స్. మాత్రం పూర్తి బండిగా దిగుమతి అవుతుంది.

సందు కొలత

ప్రకటనలలో ఒకదాని కంటె మరొకటి విశాలమని చెప్పుకొనే ఈ బండ్ల కొలతలను ప్రక్కప్రక్కన పెట్టి చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. ఎన్.ఎక్స్. పొడవు 4,660 మిల్లీమీటర్లు. 2025లో మన దేశానికి వచ్చిన కొత్త ఎక్స్-3 పొడవు 4,755. తక్కిన మూడు ఈ రెంటి నడుమనే ఉన్నవి. అనగా అతి పొట్టిదానికి, అతి పొడవుదానికి గల తేడా ఒక బెత్తెడు! వెడల్పులో ఎన్.ఎక్స్. 1,865, జి.ఎల్.సి. 1,890, ఎక్స్.సి.-60 1,902, ఎక్స్-3 1,920 మిల్లీమీటర్లు. ఇక్కడ తేడా మూడు వేళ్ళ మందానికి మించదు.

వీటిలో ఏది పెద్దదనే ప్రశ్న కంటె, వీటిలో ఏదైనా మన సందులో పట్టునా అనే ప్రశ్న ముఖ్యం. అంబాసిడర్ వెడల్పు సుమారు 1,660 మిల్లీమీటర్లు. ఈ బండ్లు దాని కంటె దాదాపు జానెడు వెడల్పు. ఇరుప్రక్కల అద్దాలు కలుపుకొంటే రెండు మీటర్లు దాటుతుంది. పన్నెండు అడుగుల సందు అనగా 3.66 మీటర్లు. ఎదురుగా వచ్చే ఆటోరిక్షాకు 1.3 మీటర్లు కావలెను. రెండూ కలిపి సుమారు 3.4 మీటర్లు. మిగిలినది ఒక జానెడు. ఆ సందులో ఒక ప్రక్క మోటారు సైకిళ్ళు నిలిపి ఉంటే లెక్క వేయవలసిన పని కూడ లేదు. ఇక పూర్తిగా వెనుదిరగడానికి ఈ తరగతి బండ్లకు పదకొండు, పన్నెండు మీటర్ల వ్యాసం గల స్థలం కావలెను.

కావున కొనబోయేవాడు షోరూమునకు పోకమునుపు చేయవలసిన మొదటి పని, చేత టేపు పట్టుకొని తన గేటును, సందు మలుపును కొలుచుకోవడం. గేటు వెడల్పు రెండున్నర మీటర్లకు తక్కువైతే ప్రతిదినం అద్దాలు ముడుచుకొని, ఊపిరి బిగబట్టి బండిని లోపలికి తీసుకోవలసి వస్తుంది. బయట వీధిలో నిలుపుదామంటే, ఒక్క గీత పడినా పెద్ద మొత్తం అయ్యే రంగు అది.

నీటి లెక్క

‘ఎత్తు బండి గనుక వాననీటికి భయం లేదు’ అనే నమ్మకం మనలో ప్రబలంగా ఉన్నది. 2020 అక్టోబరులో కురిసిన కుంభవృష్టికి బాలాపూర్ గుర్రం చెరువు కట్ట తెగి హఫీజ్ బాబా నగర్ మొదలైన బస్తీలు మునిగిన సంగతి మన ప్రాంతంవారు మరువగలిగినది కాదు. ఆ నీటిలో కార్లు తెప్పలవలె తేలినాయి. ఈ తరగతి బండ్లకు తయారీదారులు సూచించే నీటి లోతు పరిమితి సాధారణంగా 30 నుండి 50 సెంటీమీటర్ల నడుమ ఉంటుంది. అనగా మోకాలి లోతు నీరే వాటికి హద్దు.

కారణం గ్రహించడం సులభం. ఇంజను గాలి పీల్చి, దానిని సిలిండరులో అణచి, ఇంధనాన్ని మండించి పని చేస్తుంది. గాలి అణుగుతుంది గాని నీరు అణుగదు. గాలి గొట్టం ద్వారా నీరు లోపలికి చేరితే పైకి వచ్చే పిస్టను ఆ నీటికి తగిలి ఆగిపోతుంది. దానిని నెట్టే కడ్డీ వంగుతుంది. నీటిలో ఆగిపోయిన బండిని మళ్ళీ మళ్ళీ స్టార్ట్ చేయడం వలన నష్టం రెట్టింపవుతుంది. ఇట్లు చెడిన ఇంజనుకు సామాన్య బీమా పరిహారం దొరకడం కష్టం. ‘ఇంజన్ ప్రొటెక్ట్’ అనే అదనపు రక్షణ విడిగా తీసుకోవలసి ఉంటుంది. మన ప్రాంతంలో నివసించేవారు ఏ బండి కొన్నా ఈ రక్షణ తప్పక తీసుకోవాలని మా అభిప్రాయం.

ఎందరు కూర్చోవాలి?

మాకు పరిచయమైన ఒక కుటుంబంవారు ఇటీవల ఈ బండ్లలో ఒకటి కొనే ఉద్దేశంతో మమ్ము వెంటబెట్టుకొని మూడు నాలుగు షోరూములు తిరిగినారు. పెద్ద కుమారుడు గల్ఫ్‌లో ఉద్యోగి, ఇంట్లో తొమ్మండుగురు. వారి తల్లిగారికి మోకాళ్ళ నొప్పులు. కుమారులు ఇంజను శక్తిని గురించి విచారిస్తుండగా ఆమె ఒక్కొక్క బండిలో ఎక్కి దిగి చూచినారు. కారులో వలె వంగనవసరం లేదు, పెద్ద జీపులో వలె ఎక్కనవసరం లేదు, కుర్చీలో కూర్చున్నట్లే ఉన్నదని ఆమె సంతోషించినారు. క్రాసోవర్ వలన కలిగే నిజమైన ప్రయోజనాన్ని అంత క్లుప్తంగా ఏ అమ్మకందారు కూడ మాకు చెప్పలేదు. వెంటనే ఆమె అడిగిన రెండవ ప్రశ్న: “మరి పిల్లలు ఎక్కడ కూర్చుంటారు?”

ఈ ప్రశ్నకు అయిదు బండ్లూ ఒకే సమాధానం చెబుతాయి. అన్నింటిలో సీట్లు అయిదే. వెనుక మధ్యసీటు క్రింద నేల ఉబ్బెత్తుగా ఉండడం వలన ఆ అయిదవవాడు కూడ సుఖంగా కూర్చోలేడు. డిక్కీ విషయంలో మాత్రం తేడా కలదు. జి.ఎల్.సి.లో 620 లీటర్లు, ఎక్స్-3లో 570, ఎక్స్.సి.-60లో 483 లీటర్ల స్థలం ఉన్నది. శంషాబాదు విమానాశ్రయం నుండి పెద్ద పెట్టెలతో వచ్చే ప్రవాసి కుటుంబానికి ఈ అంకెలు గుర్రపుశక్తి కంటె ఎక్కువగా పనికివస్తాయి. అయితే ప్రదర్శనకు పెట్టిన బండిలో డిక్కీ తెరిపించి, స్టెప్నీ ఎక్కడ ఉంచినారో తప్పక చూడాలి. స్టెప్నీ కారణంగా కొంత స్థలం పోవచ్చును. అసలు స్టెప్నీయే లేని బండ్లు కూడ కలవు.

ఆ కుటుంబంవారు ఈ వ్యాసం వ్రాసేనాటికి ఇంకను నిర్ణయానికి రాలేదు. తొమ్మండుగురు గల ఇంటికి మూడు వరుసల ఏడుసీట్ల బండి, దాదాపు సగం ధరకే, ఎక్కువ సుఖమని మేము చెప్పినాము. తమ్ములకు ఆ మాట రుచించలేదు.

రక్షణ

ఈ తరగతి బండ్లకు ఎక్కువ ధర చెల్లించడానికి గల గట్టి కారణం రక్షణ. నేడు ప్రపంచమంతటా వాడే మూడుచోట్ల బిగించే సీటు బెల్టును 1959లో ప్రవేశపెట్టినది వోల్వో సంస్థయే. నెమ్మదిగా పోయేటప్పుడు ముందరి బండికి తగులబోతే తనంతట తానే బ్రేకు వేసే సదుపాయాన్ని 2008లో ఎక్స్.సి.-60తోనే ఆ సంస్థ ఆరంభించినది. ఐరోపా పరీక్షలలో ప్రస్తుత తరం ఎక్స్.సి.-60 2017లోను, జి.ఎల్.సి., ఎన్.ఎక్స్. 2022లోను అయిదు నక్షత్రాలు పొందినాయి.

అయితే నక్షత్రాలు బండికి ఇచ్చినవి. అందులో కూర్చునేవారి అలవాట్లకు ఇచ్చినవి కావు. 2022 సెప్టెంబరు 4న మహారాష్ట్రలోని పాల్ఘర్ జిల్లాలో ప్రముఖ పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ ప్రమాదంలో మరణించినారు. ఆయన ప్రయాణించినది మనం చెప్పుకొంటున్న ఈ తరగతి బండిలోనే. ముందు సీట్లలోని ఇద్దరు బ్రతికినారు. వెనుక సీట్లలోని ఇద్దరు మరణించినారు. వెనుక కూర్చున్నవారు బెల్టు పెట్టుకొనలేదని పోలీసులు తెలియజేసినారు. మన ప్రాంతంలో పెండ్లికి పోయేటప్పుడు వెనుక సీటులో నలుగురు పెద్దలు, వారి ఒడిలో ముగ్గురు పిల్లలు కూర్చోవడం నిత్యం చూస్తున్నాము. అట్టి ప్రయాణంలో కోటి రూపాయల బండి కూడ ఆ పిల్లలను కాపాడలేదు. సీటు కొకరు, ఒకరి కొక బెల్టు అనే నియమం పాటించలేని కుటుంబం రక్షణ కోసమని ఎక్కువ ధర పెట్టడంలో అర్థం లేదు.

అసలు ధర ఎంత?

2025లో ఈ అయిదు బండ్ల షోరూము ధరలు స్థూలంగా 60 లక్షల నుండి 80 లక్షల రూపాయల నడుమ ఉన్నవి. ఆ సంవత్సరం సెప్టెంబరు 22 నుండి పన్ను మారినది. అంతకు పూర్వం ఈ తరగతి పెట్రోలు, డీజిలు బండ్ల మీద వస్తుసేవల పన్ను 28 శాతం, అదనపు సుంకం 22 శాతం, వెరసి 50 శాతం ఉండేది. అది 40 శాతానికి దిగినది. ఎన్.ఎక్స్. వంటి హైబ్రిడ్ బండ్ల మీద అంతకు ముందే 43 శాతం గనుక వాటికి కలిగిన లాభం స్వల్పం.

ఉదాహరణకు షోరూము ధర 70 లక్షలు అనుకొందాం. తెలంగాణలో ఖరీదైన బండ్లకు జీవితకాలపు పన్ను ధరలో సుమారు అయిదవ వంతు. అనగా 14 లక్షలు. మొదటి సంవత్సరపు బీమా, అదనపు రక్షణలతో 3 లక్షలు అనుకొందాం. వెరసి 87 లక్షలు. పది లక్షలు దాటిన బండి మీద అమ్మకందారు వసూలు చేసే ఒక శాతం, అనగా 70 వేలు, వేరే. అది ఆదాయపు పన్ను లెక్కలలో సర్దుబాటు చేసుకోదగినది. ఆ రసీదు పోగొట్టుకొనరాదు.

ఇక తరుగుదల. బీమా కంపెనీలు పాటించే పట్టిక ప్రకారం బండి విలువ మొదటి ఏడాది ముగిసేలోగా 15 శాతం, రెండవ ఏట 20, మూడవ ఏట 30, నాలుగవ ఏట 40, అయిదవ ఏట 50 శాతం తరిగినట్లు లెక్క. తరుగుదల షోరూము ధర మీదనే గాని మనం చెల్లించిన మొత్తం మీద కాదు. కావున అయిదేండ్ల పిమ్మట మన 87 లక్షలకు మిగిలేది 35 లక్షలు. పోయినది 52 లక్షలు. బండి కదిలినా, కదలకున్నా దినానికి సుమారు 2,850 రూపాయలు! ఇందులో ఇంధనం, సర్వీసు, టైర్లు, తరువాతి ఏండ్ల బీమా చేరలేదు.

వడ్డీ అప్పు ముట్టని కుటుంబాలు మా బస్తీలో పెక్కు కలవు. ముట్టేవారికి ఆ లెక్క కూడ చెబుతాము. 50 లక్షలు తొమ్మిది శాతం వడ్డీకి అయిదేండ్ల గడువుతో తీసుకొంటే నెలకు సుమారు 1,03,800 రూపాయలు కట్టవలెను. వడ్డీయే 12 లక్షలు దాటుతుంది.

ఇంధనం విషయం. నెలకు వెయ్యి కిలోమీటర్లు నగరంలోనే తిరుగుతామనుకొందాం. పెట్రోలు బండి లీటరుకు 9 కిలోమీటర్లు ఇచ్చినట్లయితే, లీటరు 107 రూపాయల చొప్పున నెలకు సుమారు 11,900 రూపాయలు. హైబ్రిడ్ 15 కిలోమీటర్లు ఇస్తే సుమారు 7,100. తేడా 4,800. నిలిచి నిలిచి సాగే చాంద్రాయణగుట్ట రద్దీలో హైబ్రిడ్‌కు ఉపయోగం ఎక్కువ. ఆ బండి బ్రేకు వేసినప్పుడల్లా వ్యర్థమయ్యే శక్తిని విద్యుత్తుగా నిలువ చేసుకొని, తిరిగి కదలడానికి వాడుకొంటుంది. పూర్తి విద్యుత్ వాహనాలకు వస్తుసేవల పన్ను 5 శాతమే. తెలంగాణ ప్రభుత్వం 2026 డిసెంబరు 31 వరకు వాటికి రోడ్డు పన్ను కూడ మినహాయించినది. కాని ఇంటిలో బండి నిలిపే చోటు, అక్కడికి విద్యుత్ తీగ ఉన్నవారికే ఈ లాభం పూర్తిగా అందుతుంది.

ప్రవాసులకు ఒక సూచన. అక్కడ చౌకగా దొరికే బండిని వెంట తెచ్చుకోవచ్చునని కొందరు తలుస్తారు. మన దిగుమతి నిబంధనల ప్రకారం పాత బండి మూడేండ్లకు మించరాదు; దాని స్టీరింగు కుడివైపున ఉండవలెను. గల్ఫ్ దేశాల బండ్లకు స్టీరింగు ఎడమవైపున ఉంటుంది. కావున ఆ ఆలోచన ఆరంభంలోనే విడిచిపెట్టడం మేలు.

ఎవరికి ఏది?

ఈ లెక్కలన్నీ చూచిన మీదట మా అభిప్రాయాన్ని దాచుకొనము. నలుగురైదుగురు గల కుటుంబమై, వృద్ధులు వెనుక కూర్చునేవారై, సామాను ఎక్కువగా మోయవలసి ఉంటే జి.ఎల్.సి. తగినది. తానే స్వయంగా నడుపుతూ శ్రీశైలం రహదారి వంటి మలుపుల దారులలో దూరప్రయాణం చేసేవానికి ఎక్స్-3 నచ్చుతుంది. పిల్లల రక్షణను అన్నిటికంటె ముందు లెక్కించేవారు ఎక్స్.సి.-60ను విచారించాలి. దినమంతా నగరం లోపలే తిరిగే వైద్యులు, వ్యాపారులు ఎన్.ఎక్స్. వలన లాభపడతారు, అయిదింటిలో అతి తక్కువ వెడల్పు గలది కూడ అదే. 2025 ధరలలో క్యూ-5 తక్కిన వాటి కంటె కొంత చౌక. అంతే తరగతి సుఖాన్ని తక్కువ సొమ్ముతో కోరేవారికి అది సరిపోతుంది.

మరొక మార్గం కూడ కలదు. మూడేండ్లు నిండిన బండిని కొంటే తరుగుదలలో పెద్ద భాగం మొదటి యజమాని భరించినట్లవుతుంది. అయితే సర్వీసు పుస్తకం మొదటి పుట నుండి చూడాలి. తివాసీ ఎత్తి అడుగున బురద మరక, తుప్పు, ముక్కవాసన ఉన్నదేమో పరిశీలించాలి. వరదలో మునిగిన బండ్లు మెరుగు పెట్టించుకొని తిరిగి అంగడికి వస్తాయి.

నిజాం వంశపు రోల్స్ రాయిస్ బండి ఒకటి నేటికీ చౌమహల్లా ప్యాలెస్‌లో పసుపు రంగుతో మెరుస్తూ నిలిచి ఉన్నది. అది దర్బారు వైభవం కోసం చేయించినది గనుక ఎక్కువగా తిరుగకపోయినా దాని పని నెరవేరినది. మన ఇంటి బండికి ఆ వెసులుబాటు లేదు. తల్లిని ఆసుపత్రికి, పిల్లలను కళాశాలకు, ప్రవాసిని విమానాశ్రయానికి చేర్చడమే దాని పని. మా విద్యార్థులలో అనేకుల ఇండ్లలో ఈ చర్చ నేడో రేపో రాక మానదు. అప్పుడు వారు ఒక టేపు, ఒక కాగితం, ఒక కలం తీసుకొని పెద్దల ఎదుట కూర్చోవాలి. సందు వెడల్పు, ఇంటిలోని మనుషుల సంఖ్య, అయిదేండ్ల పిమ్మట మిగిలే సొమ్ము — ఈ మూడు అంకెలు వ్రాసి చూపాలి. ఆ తరువాత పెద్దలు ఏ బండి కొన్నా తెలిసి కొన్నట్లవుతుంది.